నావకి ట్రక్కు మీద పడక కుదిరిందా?

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే సిద్ధాంతం వంతెన మీద ఆగి నీటిమట్టం చూడటం పెనుగొండ చుట్టుపక్కల వాళ్లకి అలవాటే. సరిగ్గా ఆ రోజుల్లోనే చెరువు గట్టున పడి ఉన్న నావ గుర్తుకొస్తుంది. ట్రాక్టరు తెస్తారు. పదిమంది పట్టి ట్రక్కులోకి ఎక్కిస్తారు. కింద నాలుగు గడ్డిమోపులు తోసి రేవుకి బయల్దేరతారు. తీరా నీళ్లలో దించాక చూస్తే నడిమి అతుకులోంచి ఊట! మనుషుల్నీ గొడ్లనీ దాటించాల్సిన వేళ డొక్కు పట్టుకుని నీళ్లు తోడుకుంటూ కూర్చోవాలి. నిన్నటిదాకా బాగున్న నావకి ఏమైందని తల పట్టుకుంటారు. దెబ్బ తగిలింది రోడ్డు మీద.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గానీ, 2022 జులైలో 25 లక్షలు దాటినప్పుడు గానీ లంక గ్రామాలకి పడవే దిక్కయింది. ఆచంట, యలమంచిలి మండలాల లంకల్లో ఉన్నవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. వరద లేని రోజుల్లోనూ చేపల చెరువులున్న రైతుకి మేత వేయడానికి పడవ కావాలి. ఒక చెరువు పట్టుబడి అయ్యాక అదే పడవ ఇంకో చెరువుకి పోవాలి. కాబట్టి మీ నావ ఏడాదికి రెండు మూడుసార్లయినా ట్రక్కెక్కుతుంది.

మన పెద్దల కాలంలో నావకి ఈ ప్రయాణం తప్పేది. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక సాగిన డెల్టా కాలువలు చేలకి నీరిచ్చేవి, సరుకూ మోసేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవారు. కాకినాడలో బయల్దేరిన పడవ ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా నీటి మీదే పోగలిగేది. నీటి దారి పోయి రోడ్డు దారి వచ్చింది. మరి నావని రోడ్డు మీద ఎలా కూర్చోబెట్టాలో మనం నేర్చుకున్నామా అంటే, అంతంత మాత్రమే.

బరువు ఎక్కడ ఆనాలి?

నీళ్లలో ఉన్నప్పుడు నావకి అడుగంతా దిండే. మునిగిన ప్రతి అంగుళాన్నీ నీరు పైకి తోస్తూనే ఉంటుంది. ట్రక్కు మీదకి రాగానే ఆ దిండు పోతుంది. మీరు పెట్టిన రెండు వాసాల మీదే మొత్తం బరువు పడుతుంది. గతుకు తగిలినప్పుడల్లా ఆ రెండు చోట్లా సుత్తితో కొట్టినట్టే లెక్క.

నావ అడుగున ముక్కు నుంచి చుక్కాని దాకా పొడవునా పోయే దూలం ఉంటుంది. దాన్ని మనం వెన్ను అనుకుందాం. నావలో గట్టి భాగం అదే. బరువు మోయాల్సిందీ అదే. పక్కల పలకలు నీళ్లని ఆపడానికి ఉన్నాయి, బరువు మోయడానికి కాదు. ట్రక్కు మీద పక్క ఆనులు ఎందుకంటే, నావ ఒరిగిపోకుండా పట్టుకోవడానికి. చాలామంది దీన్ని తిరగేస్తారు. పక్కల రెండు సరుగుడు వాసాలు బిగించి, నావని వాటి మధ్య ఇరికిస్తారు. వెన్ను గాలిలో వేలాడుతూ ఉంటుంది. పది కిలోమీటర్లు పోయేసరికి పక్క పలకలు లోపలికి నొక్కుకుపోతాయి, మేకులు వదులవుతాయి. ఫైబర్ పడవైతే పైకి ఏమీ కనపడదు. లోపల మాత్రం వెంట్రుక మందాన పగులు మొదలవుతుంది.

అందుకని ముందు ట్రక్కు మీద అడ్డంగా మూడు నాలుగు దూలాలు వేసి, వాటి నడుమ వెన్ను ఆనేలా పొడుగాటి పలక ఒకటి బిగించండి. చేవ ఉన్న తాటి దూలం దీనికి బాగా పనికొస్తుంది. గుండ్రటి వాసాలు దొర్లుతాయి, వద్దు. లోపల అడ్డకట్లు ఉన్న చోట్ల కిందనే అడ్డదూలాలు వచ్చేలా చూసుకోండి. తెరచాప స్తంభం మొదలు దిగే చోట కింద ఒక ఆను తప్పనిసరి. వెనక ఇంజను తగిలించే పడవైతే ఆ వెనక పలక కింద కూడా ఆను ఉండాలి. ట్రక్కు పొట్టిదై పడవ తోక రెండు మూడు అడుగులు బయటికి వేలాడితే, ఆ బరువుకి వెనక భాగం నెమ్మదిగా కిందకి వంగుతుంది. ఆ వంపు వచ్చిందంటే నావ తిన్నగా నడవదు. ఇంజను విప్పి విడిగా తీసుకుపోవడం అన్నిటికన్నా మేలు.

పక్క ఆనులకి నాలుగంగుళాల వెడల్పు పలకలు నావ పొడవు వెంబడి పెట్టండి. నావ పొట్ట వంపుకి తగ్గట్టు వాటిని వాల్చి బిగించాలి. వంపు ఎలా తెలుస్తుందంటారా? మెత్తటి ఇనుప తీగని నావ పొట్టకి అడ్డంగా ఆనించి వంచండి. ఆ తీగని అట్ట మీద పెట్టి గీత గీయండి. అదే మీకు కొలత. ముక్కు దగ్గర ఒకటి, నడుమ ఒకటి, వెనక ఒకటి తీస్తే మీ వడ్రంగికి ఇక అడగాల్సిందేమీ ఉండదు. విదేశాల్లో తెరచాప పడవల ట్రయిలర్లకి స్క్రూ తిప్పి ఎత్తు సరిచేసుకునే మెత్తలు వస్తాయి. మన వెల్డింగ్ షాపులో మర రాడ్డు, నట్టు పెట్టి అలాంటిది చేయించుకోవచ్చు. హుస్సేన్‌సాగర్‌లో పోటీలకి దిగే చిన్న తెరచాప పడవల్ని కూడా పొట్ట వంపుకి సరిపోయే చేతి బండ్ల మీదే గట్టు నుంచి నీళ్ల దాకా తోసుకుపోతారు.

పలకల మీద పాత ట్యూబు ముక్కో గోనె మడతలో వేసి, మేకు తలలు లోపలికి దిగేలా కొట్టండి. ఫైబర్ పడవకి గోనె వేసేటప్పుడు ఇసుక దులపడం మరవొద్దు. నావ దిగాక పక్క పలకకీ పొట్టకీ మధ్య అట్ట ముక్క దూర్చి చూడండి. కాస్త పట్టుగా జారాలి. కదలకపోతే బరువు పక్కల మీద పడిందన్నమాట. పక్క పలకని కొంచెం దించండి.

కొక్కెం మీద ఎంత?

నావ పడక కుదిరింది గదా అని బయల్దేరకండి. రెండు చక్రాల ట్రక్కైతే ముందు వెనక తూకం చూడాలి. బరువు ఇరుసుకి వెనక ఎక్కువైతే కొక్కెం పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనక చక్రాలకి పట్టు తగ్గుతుంది, ట్రక్కు పాములా ఊగుతుంది. కాలువ గట్టు రోడ్డు మీద ఊగితే ఏమవుతుందో మీకే తెలుసు. బరువు మరీ ముందుకి వచ్చినా ప్రమాదమే. పడవల ట్రయిలర్లకి వాడుకలో ఉన్న లెక్క పదో వంతు. ట్రక్కు, నావ, అందులో సామాను అన్నీ కలిపి 800 కిలోలైతే కొక్కెం మీద 80 కిలోల దాకా ఉండాలి.

అబ్బే, అంత లెక్క ఎవరు చూస్తారండీ అనకండి. ధాన్యం తూచే కాటా ఊళ్లో ఉంటుంది. చదునైన చోట చక్రాలకి రాళ్లు వేసి, ట్రక్కు ముందు కొక్కేన్ని కాటా మీద ఆనించండి. ఎక్కువ తక్కువైతే నావని అరడుగు ముందుకో వెనక్కో జరపండి. సరిపోయిన చోట ముక్కు ఆనేలా ఒక దిమ్మ బిగించేస్తే ప్రతిసారీ ఈ తంటా ఉండదు.

వాన నీటి సంగతి ఎవరూ పట్టించుకోరు. 15 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న చదునడుగు పడవలో నాలుగంగుళాల నీళ్లు నిలిస్తే 20 ఘనపుటడుగులు. అంటే అయిదున్నర క్వింటాళ్ల పైమాటే. 75 కిలోల ధాన్యం బస్తాలు ఏడున్నర మీకు తెలియకుండా ఎక్కించినట్టు! పైగా ఆ నీళ్లు మలుపులో ఒక పక్కకి పరుగెడతాయి. ట్రక్కు మీద ఉన్నంతసేపూ అడుగు బిరడా తీసి ఉంచండి. దించేముందు పెట్టడం మాత్రం మరిచిపోకండి, అది మరిచిపోయిన వాళ్లూ ఉన్నారు.

స్తంభం దించాకే కదలండి

తెరచాప స్తంభం నిలబెట్టి ఉంచి రోడ్డెక్కితే నావ పోవడం అటుంచి ప్రాణాలే పోతాయి. మన పొలాల గట్ల మీదుగా 11 కేవీ లైన్లు వెళ్తున్నాయి. కొన్నిచోట్ల తీగలు జారి కిందకి వేలాడుతుంటాయి. చెరువు గట్టు ఎత్తుగా ఉంటే తీగ ఇంకా దగ్గరవుతుంది. వెదురు స్తంభమే గదా, కరెంటు పాకదులే అనుకోవద్దు. తడిసిన వెదురులో కరెంటు పాకుతుంది. ఇనుప పైపైతే చెప్పనే అక్కర్లేదు. స్తంభం, గడలు దించి నావలో పొడవునా పడుకోబెట్టి, వెనక్కి పొడుచుకొచ్చిన చివరకి ఎర్రగుడ్డ కట్టండి. రాత్రి వేళైతే దీపం ఉండాలి. నావలో మనుషుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, కూర్చోబెట్టొద్దు.

తాళ్లు కట్టేటప్పుడు రెండు అంచుల్నీ కలిపి బిగిస్తే నావ నోరు మూసుకుపోతుంది. తాడు పడే చోట లోపల అడ్డకర్ర పెట్టి బిగించండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. రెండు మూడు కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించుకోవాలి.

రేవుకి చేరగానే ట్రక్కుని నీళ్లలోకి తోసేయడం ఇంకో పొరపాటు. దూరం వచ్చాక చక్రాల బేరింగులు వేడెక్కి ఉంటాయి. ఒక్కసారిగా చల్లటి నీళ్లు తగిలితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు పాడై, బేరింగులకి తుప్పు పడుతుంది. ఓ అరగంట ఆగండి, చుట్ట కాల్చుకునే వాళ్లకి అదీ సరిపోతుంది. నీళ్లలో దిగిన ట్రక్కుకి ఇంటికెళ్లాక గ్రీజు మార్పించండి.

నెలల తరబడి ఎండలో ఉన్న చెక్క నావ మొదట ఎంతో కొంత కారుతుంది. పలకలు ఎండి కుంచించుకుపోయి అతుకులు తెరుచుకుంటాయి. లోతు తక్కువ చోట కట్టేసి ఒక రాత్రి నాననిస్తే పలకలు ఉబ్బి చాలావరకు మూసుకుంటాయి. వరద మొదలయ్యాక ఆ ఒక్క రాత్రి దొరకదు. జూన్‌లోనే నానబెట్టడం అందుకే.

ఇంతకీ పడక కుదిరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. నావ నీళ్లలో ఉండగానే ముక్కు నుంచి వెనక పలక దాకా పురికొస బిగించి కట్టండి. నడుమ కొసకీ నావ అడుగుకీ ఎంత ఎడముందో అంగుళాల్లో రాసుకోండి. ట్రక్కెక్కించాక అదే చోట మళ్లీ కొలవండి. ఎడం పెరిగితే నడుము దిగింది, నడిమి ఆను కింద చెక్క ముక్క వేసి ఎత్తండి. తగ్గితే రెండు చివర్లూ దిగాయి, అక్కడి ఆనులు ఎత్తాలి. రెండు కొలతలూ ఒకటయ్యాక ఆనులున్న చోట ట్రక్కు మీదా, నావ మీదా రంగుతో గుర్తులు పెట్టేయండి. వచ్చే ఏడు ట్రాక్టరు తోలేది ఎవరైనా సరే, గుర్తుకి గుర్తు కలిపితే సరిపోతుంది.