అల్యూమినియం బండికి ఉక్కు గోడ: తుప్పు తిన్న బల్క్‌హెడ్‌ను మార్చడం వెనుక సైన్స్

పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగ్ జిల్లాలో, నేపాల్ సరిహద్దును ఆనుకుని మానేభంజన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూకు మనుషుల్నీ, సరుకుల్నీ చేరవేసే పని దశాబ్దాల పాటు పాత ల్యాండ్ రోవర్లే చేశాయి. వాటిలో 1950ల నాటి బండ్లు కూడా ఉన్నాయి. ఇంత పాత బండి ఇంకా నడుస్తోందంటే అందరూ ముందుగా ఇంజిన్‌ను మెచ్చుకుంటారు. నిజానికి ఇంజిన్ పాడైతే విప్పి బాగుచేయవచ్చు, లేదా ఇంకోటి బిగించవచ్చు. పాత ల్యాండ్ రోవర్‌ను మూలకు చేర్చేది చాలాసార్లు తుప్పు. అది గట్టిగా పట్టే చోట్లు రెండు: కింద ఉండే చాసిస్, దాని మీద నిలబడే బల్క్‌హెడ్.

బల్క్‌హెడ్ చేసే పని

ఇంజిన్‌కూ, డ్రైవర్ కూర్చునే చోటుకూ మధ్య ఉండే ఉక్కు గోడే బల్క్‌హెడ్. దీన్ని అడ్డుగోడగా మాత్రమే చూస్తే పొరపాటే. ముందు తలుపుల కీళ్లు దీని స్తంభాలకే ఉంటాయి. ముందు అద్దం ఫ్రేమ్ దీని మీదే నిలుస్తుంది. బ్రేక్, క్లచ్ పెడళ్లు, స్టీరింగ్ కాలమ్, డ్యాష్‌బోర్డు, వైరింగ్ అన్నీ దీన్నే ఆధారం చేసుకుంటాయి. డ్రైవర్ కాళ్లు పెట్టుకునే గుంతలు కూడా దీనిలో భాగమే.

హఠాత్తుగా బ్రేక్ వేయాల్సి వస్తే డ్రైవర్ కాలు సుమారు 500 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 50 కిలోల బరువుతో నొక్కినట్లుగా పెడల్‌ను తొక్కవచ్చు. ఆ బలాన్ని చివరికి మోసేది ఈ గోడే. తుప్పుతో పలచబడిన రేకు వంగితే, తొక్కిన దూరంలో కొంత బ్రేకుల దాకా చేరకుండానే పోతుంది. కాబట్టి తుప్పు పట్టిన బల్క్‌హెడ్ అందానికి సంబంధించిన సమస్య కాదు, ప్రాణ భద్రతకు సంబంధించినది.

రెండు లోహాల కథ

ల్యాండ్ రోవర్ తొలిసారి 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ ప్రదర్శనలో కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు కొరత ఉండేది. అల్యూమినియం మిశ్రలోహం మాత్రం దొరికేది. అందుకే బండి పైభాగపు రేకుల్లో ఎక్కువ శాతాన్ని దానితోనే చేశారు. గట్టిదనం తప్పనిసరైన చాసిస్, బల్క్‌హెడ్‌లకు మాత్రం ఉక్కునే వాడారు. 2016 జనవరిలో పాత తరహా డిఫెండర్ ఉత్పత్తి ఆగిపోయేదాకా ఈ పద్ధతి సారాంశంలో మారలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ, వాటి మధ్య తేమ చేరితే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో ఎక్కువ చురుకైన లోహం కరిగిపోతూ రెండోదాన్ని కాపాడుతుంది. ఇనుము కంటే అల్యూమినియం చురుకైనది. మరి అల్యూమినియం పక్కనే ఉన్న ఉక్కు ఎందుకు తుప్పు పడుతోంది?

జవాబులో రెండు భాగాలున్నాయి. అల్యూమినియం మీద సహజంగానే పలచని, గట్టి ఆక్సైడ్ పొర ఏర్పడి దాని చురుకుదనాన్ని అణచివేస్తుంది. రెండోది, ఈ రక్షణ దక్కాలంటే రెండు లోహాలనూ ఒకే నీటి పొర తడపాలి. కాళ్ల గుంతల అడుగున, స్తంభాల లోపలి ఖాళీల్లో నిలిచే బురదకు అల్యూమినియం రేకుతో సంబంధమే ఉండదు. ఫలితంగా రెండు రకాల నష్టమూ కనిపిస్తుంది. అతుకు దగ్గర అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది, కాస్త దూరంలో ఉక్కు ఎర్రగా తుప్పు పడుతుంది.

సందుల్లోనే ఎందుకు?

తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలో కలుస్తుంది. ఇంకోచోట గాలిలోని ఆక్సిజన్, నీరు ఆ ఎలక్ట్రాన్లను తీసుకుని హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారతాయి. ఇవి కలిసి, మళ్లీ ఆక్సిజన్ చేరి, మనకు తెలిసిన ఎర్రటి తుప్పు అవుతుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు తేలిగ్గా ప్రవహించి చర్య వేగం పుంజుకుంటుంది.

బల్క్‌హెడ్‌ను ఒకే రేకుతో చేయరు. అనేక రేకుల్ని ఒకదానిపై ఒకటి పెట్టి చుక్కలు చుక్కలుగా వెల్డ్ చేస్తారు. ఆ రెండు రేకుల మధ్య సందులోకి రంగు వెళ్లదు, నీరు మాత్రం వెళుతుంది. సందు లోపల ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది, బయట సమృద్ధిగా ఉంటుంది. ఈ తేడా వల్ల బయటి ఉక్కు ఎలక్ట్రాన్లు తీసుకునే చోటుగా, సందు లోపలి ఉక్కు కరిగే చోటుగా స్థిరపడతాయి. అందుకే పైకి రంగు బాగున్నా లోపల రేకు మాయమవుతుంది.

పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందులోని ఆక్సైడ్ల రకాన్ని బట్టి అది 2 నుంచి 6 రెట్ల దాకా ఉంటుంది. అలా ఉబ్బిన తుప్పు రేకుల్ని విడదీసి మరింత నీటికి దారి ఇస్తుంది.

అతుకు వేయాలా, మార్చాలా?

ముందుగా సుత్తితో మెల్లగా కొట్టి చూస్తారు. మంచి ఉక్కు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొంగురుగా పలుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిస్తే దిగిపోయే చోట్లను సుద్దతో గుర్తిస్తారు. నష్టం కాళ్ల గుంతలకే పరిమితమైతే అంతవరకు కోసి కొత్త రేకు వెల్డ్ చేయవచ్చు. తలుపు స్తంభాలు, పై మూలలు కూడా పోయాయంటే మొత్తం మార్చడమే మేలు.

కారణం వేడి. ఉక్కు ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే 1 మీటరు పొడవు సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెల్డింగ్ దగ్గర లోహం 1,500 డిగ్రీల ప్రాంతంలో కరుగుతుంది. వేడెక్కిన భాగం వ్యాకోచించబోతే చుట్టూ ఉన్న చల్లని రేకు అడ్డుకుంటుంది. చల్లారాక ఆ భాగం కుంచించుకుపోయి పక్కనున్న రేకును లాగుతుంది. పలచని రేకు మీద అతుకులు పెరిగేకొద్దీ వంకర పెరుగుతుంది, చివరికి తలుపు మూసుకోదు. స్తంభాలను కోసే ముందు వాటి మధ్య ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డ్ చేసేది, వెల్డింగ్‌ను ఒకే వరుసలో కాకుండా దూరదూరంగా చుక్కలు పెట్టుకుంటూ పోయేది అందుకే.

విప్పడం, బిగించడం

మొత్తం మార్చేటప్పుడు బ్యాటరీ తీసేశాక తలుపులు, ముందు అద్దం ఫ్రేమ్, ముందు రెక్కలు, పెడళ్లు, స్టీరింగ్, వైరింగ్ అన్నీ బయటికి రావాలి. ప్రతి తీగకూ చీటీ కట్టకపోతే తిరిగి కలిపేటప్పుడు రోజులు గడిచిపోతాయి. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది కాబట్టి ఒలకకుండా చూడాలి. చివరగా చాసిస్‌కు పట్టి ఉంచే పెద్ద బోల్టులు మిగులుతాయి. తుప్పుతో బిగుసుకున్న వాటిని కోయక తప్పని సందర్భాలే ఎక్కువ. ఆ బోల్టులు కూర్చునే చాసిస్ చేతులు గట్టిగా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి.

కొత్త గోడను నిలబెట్టాక బోల్టులను వెంటనే బిగించరు. వదులుగా ఉంచి, తలుపులు తగిలించి, చుట్టూ ఖాళీ సమానంగా ఉందో లేదో చూస్తారు. అవసరమైతే పలచని రేకు ముక్కలు పెట్టి సరిచేస్తారు. అన్నీ కుదిరాకే బిగింపు. అల్యూమినియం, ఉక్కు తాకే చోట రబ్బరు పట్టీ గానీ సీలెంట్ గానీ పెడితే ఆ చిన్న బ్యాటరీ తయారు కాదు.

జింక్ లెక్క

ఇంత శ్రమ పడ్డాక మళ్లీ తుప్పు పట్టకూడదు కాబట్టి చాలామంది కొత్త బల్క్‌హెడ్‌కు గాల్వనైజింగ్ చేయిస్తారు. అంటే సుమారు 450 డిగ్రీల వద్ద కరిగిన జింక్‌లో ముంచడం. ఇందులో జాగ్రత్తలున్నాయి. మూసుకున్న ఖాళీల్లో తేమ ఉంటే అది ఆవిరై పేలవచ్చు. అందుకే ముందే రంధ్రాలు పెట్టాలి. పలచని చదునైన రేకు ఆ వేడికి వంగవచ్చు. జింక్ పూసిన తర్వాత వెల్డ్ చేస్తే వెలువడే పొగ జ్వరం, వణుకు తెప్పిస్తుంది. కాబట్టి వెల్డింగ్ పనులన్నీ ముంచడానికి ముందే ముగించాలి.

ఐఎస్ఓ 1461 ప్రమాణం ప్రకారం 1.5 మిల్లీమీటర్ల కంటే పలచని ఉక్కు మీద జింక్ పొర సగటున కనీసం 45 మైక్రాన్లు ఉండాలి. మామూలు వాతావరణంలో జింక్ ఏడాదికి 2 మైక్రాన్ల దాకా అరుగుతుందనుకుంటే ఆ పొర 20 ఏళ్లకు పైగా నిలుస్తుంది. ఉప్పుగాలి గట్టిగా తగిలే తీరంలో ఏడాదికి 6 మైక్రాన్లు పోతే 7, 8 ఏళ్లే. విశాఖ, కాకినాడ వంటి చోట్ల మొత్తం ఉక్కుతోనే చేసిన పాత జీపులకు తుప్పు త్వరగా పట్టడానికీ ఉప్పు తేమే ముఖ్య కారణం. గీత పడి ఉక్కు బయటపడినా చుట్టూ ఉన్న జింక్ తాను కరిగిపోతూ దాన్ని కాపాడుతుంది. రంగు ఒక్కటే ఈ పని చేయలేదు.

బురదలో నిలిచిపోయిన నీటికి మాత్రం ఈ లెక్కలు వర్తించవు. అక్కడ జింక్ కూడా త్వరగా పోతుంది. కాళ్ల గుంతల అడుగు భాగాన్ని తరచూ కడగడం, నీరు కారిపోయే రంధ్రాలు పూడుకోకుండా చూడటం, స్తంభాల లోపల మైనం లాంటి రక్షణ ద్రవం పిచికారీ చేయడం పెద్ద ఖర్చు లేని పనులు. నీరు బయటికి పోయే దారి తెరిచి ఉన్నంతకాలం కొత్త గోడకు మళ్లీ అతుకుల అవసరం రాదు.