వృత్తిపర సామాజిక మాధ్యమాల్లో అంకుర సంస్థల రచన - అవకాశాలు, హద్దులు: లాలాపేట్, నాచారం, ఉప్పల్ నేపథ్యంలో పరిశీలన

సారాంశం:

అంకుర సంస్థను స్థాపించినవారికి లింక్డ్‌ఇన్ వంటి వృత్తిపర మాధ్యమం దుకాణం ముందు వేలాడదీసిన నామఫలకం వంటిదని పలువురు భావిస్తారు. వాస్తవానికి అక్కడ రాసే ప్రతి వాక్యమూ తేదీతో సహా నిలిచిపోయే బహిరంగ పత్రం. ఆ పత్రం నమ్మకాన్ని సంపాదించగలదు. పేటెంట్ అర్హతను పోగొట్టనూగలదు. హైదరాబాదు తూర్పు ప్రాంతమైన లాలాపేట్, నాచారం, ఉప్పల్ పరిసరాలను నేపథ్యంగా తీసుకొని, వ్యవస్థాపకులు ఏయే విషయాలు రాయవచ్చు, ఎక్కడ ఆగాలి అనే అంశాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: అంకుర సంస్థ, వ్యవస్థాపకుడు, లింక్డ్‌ఇన్, పేటెంట్, ప్రైవేట్ ప్లేస్‌మెంట్, లాలాపేట్, నాచారం.

1. ప్రవేశిక:

లింక్డ్‌ఇన్ 2003 మే నెలలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ దానిని కొనుగోలు చేసింది. ఉద్యోగార్థుల వివరాల పట్టికగా మొదలైన ఈ వేదిక క్రమంగా వ్యాపార రచనకు ప్రధాన స్థలమైంది. మన దేశంలో 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా కార్యక్రమం ఆరంభమైంది. అంతకు కొద్ది నెలల ముందే, 2015 నవంబరులో, హైదరాబాదులో టీ-హబ్ ఏర్పడింది. మహిళా వ్యవస్థాపకుల కోసం 2018లో వీ-హబ్ వచ్చింది.

టీ-హబ్ కొత్త భవనం 2022 జూన్‌లో రాయదుర్గంలో ప్రారంభమైంది. పెట్టుబడిదారుల రాకపోకలు, సమావేశాలు ఎక్కువగా నగరపు పడమటి దిక్కునే సాగుతాయి. లాలాపేట్ పరిసరాల స్వభావం వేరు. ఇటు విజయ డెయిరీ, అటు నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు. తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ. హబ్సిగూడ - ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ. సీసీఎంబీకి అనుబంధంగా అటల్ ఇంక్యుబేషన్ కేంద్రం కూడా ఉంది. ఇక్కడ ప్రయోగశాలకూ కార్ఖానాకూ దూరం తక్కువ. పెట్టుబడిదారుడికి దూరం ఎక్కువ. కనుక ఈ ప్రాంతపు వ్యవస్థాపకుడికి వృత్తిపర మాధ్యమం ఎక్కువ అవసరం. చేసేది వస్తువు, పరికరం, ఔషధం కావడం వల్ల ప్రమాదం కూడా ఎక్కువే.

వివరణ సౌలభ్యం కోసం ఒక ఊహా సంస్థను తీసుకుందాం. నాచారంలో ఒక చిన్న షెడ్డులో ఇద్దరు ఇంజనీర్లు పాల కల్తీని పరీక్షించే చేతి పరికరాన్ని తయారు చేస్తున్నారనుకుందాం. వారు ఏమి రాయవచ్చు?

2. రాయదగిన విషయాలు:

2.1. సమస్య పుట్టుక: వస్తువు కన్నా ముందు చెప్పవలసింది సమస్య. చింతకింది మల్లేశం కథ ఇందుకు మంచి నిదర్శనం. ఒక చీరకు ఆసు పోయడానికి తల్లి చేతిని దాదాపు 9,000 సార్లు ఆడించవలసి రావడం, ఆమె భుజం నొప్పి - ఈ రెండు వివరాల నుంచే 1999లో ఆసు యంత్రం రూపుదిద్దుకుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ యంత్రపు నిర్మాణం తెలియనివారికి కూడా 9,000 అనే సంఖ్య గుర్తుంటుంది. ఫణీంద్ర సామ 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకకపోవడమే 2006లో రెడ్‌బస్ పుట్టుకకు మూలమైంది. పాల పరికరం చేస్తున్నవారు కూడా పాల సేకరణ కేంద్రం వద్ద రైతు ఎంతసేపు నిలబడుతున్నాడో స్వయంగా లెక్కించి రాస్తే, అది ఏ విశేషణం కన్నా బలంగా ఉంటుంది.

2.2. పరీక్షలు, మైలురాళ్లు: హైదరాబాదుకు చెందిన స్కైరూట్ ఏరోస్పేస్ 2018లో ఏర్పడింది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ప్రయోగం జరిగేనాటికి ఆ సంస్థ పేరు చాలామందికి తెలుసు. 2020 ఆగస్టులో రామన్ ఇంజిన్, అదే ఏడాది డిసెంబరులో కలాం-5, 2021 నవంబరులో ధవన్-1 పరీక్షలు ఒక్కొక్కటిగా ప్రజల దృష్టికి రావడం ఇందుకు దోహదం చేసింది. విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరిందని ప్రకటించారు. ‘దాదాపు వంద’ అని సరిపెట్టలేదు. ఇందులో రెండు పాఠాలున్నాయి. ఫలితం వచ్చాక చెప్పాలి, కొలతతో చెప్పాలి.

2.3. వైఫల్యం, నిర్ణయం: ఒక నమూనా ఎందుకు పనిచేయలేదో, దానివల్ల ఏ నిర్ణయం మారిందో చెప్పడం పాఠకులకు ఉపయోగకరం. ఎండాకాలంలో షెడ్డు వేడికి పరికరపు అంకెలు తప్పడం, దానితో ఉష్ణోగ్రత సవరణను చేర్చడం వంటివి రాయవచ్చు. భాగస్వామిపై ఫిర్యాదు, సరఫరాదారుపై నింద రాయదగినవి కావు. మొదటివి సంస్థ జ్ఞానాన్ని తెలుపుతాయి. రెండవవి పరువునష్టం వ్యాజ్యాలకు దారితీయవచ్చు.

2.4. మనుషులు: ఉద్యోగ ప్రకటన, కొత్తగా చేరినవారి పరిచయం, శిక్షణ పొందిన ఐటీఐ విద్యార్థి పనితనం - వీటికి ఆదరణ ఉంటుంది. అయితే ఉద్యోగి ఫొటో గానీ, వినియోగదారుడి పేరు గానీ వారి అంగీకారం లేకుండా వాడరాదు. వ్యక్తిగత వివరాల వినియోగానికి సమ్మతి ముఖ్యమన్న సూత్రాన్ని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా బలపరుస్తోంది.

3. ఆగవలసిన చోట్లు:

3.1. పేటెంట్: పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం ఆవిష్కరణ కొత్తదై ఉండాలి. దరఖాస్తు తేదీకి ముందే అది ఎక్కడైనా ప్రచురితమైతే కొత్తదనం పోతుంది. ప్రచురించినది ఆవిష్కర్త అయినా సాధారణంగా మినహాయింపు ఉండదు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలు, విద్వత్సభల్లో సమర్పించిన పత్రాలు వంటి పరిమిత సందర్భాలకు మాత్రమే సెక్షన్ 31 పన్నెండు నెలల వెసులుబాటు ఇస్తుంది. లింక్డ్‌ఇన్ రాత ఈ కోవలోకి రాదు. పాల పరికరంలోని సెన్సార్ల అమరిక కనిపించేలా ఫొటో పెడితే, ‘మా సొంత పరికరమే కదా’ అన్న సమాధానం నిలవదు. మార్గం సులువే. ముందుగా తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేయాలి. పూర్తి వివరణకు పన్నెండు నెలల గడువు ఉంటుంది. ఆ తర్వాత కూడా దరఖాస్తులో చేర్చిన అంశాల వరకే బయటపెట్టడం క్షేమం.

3.2. పెట్టుబడి: ‘నిధులు సమీకరిస్తున్నాం, వాటాలు కావలసినవారు సంప్రదించండి’ అన్న వాక్యం సాధారణంగా కనిపిస్తుంది. అయితే కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 42 ప్రకారం ప్రైవేట్ ప్లేస్‌మెంట్ ద్వారా వాటాలు జారీ చేసే సంస్థ ఆ విషయాన్ని బహిరంగ ప్రకటనల ద్వారా గానీ, ఏ మాధ్యమం ద్వారా గానీ జనసామాన్యానికి తెలపరాదు. ముందుగా గుర్తించిన వ్యక్తులకే అవకాశమివ్వాలి. అర్హత గల సంస్థాగత మదుపరులను, ఉద్యోగుల వాటాల పథకాన్ని మినహాయిస్తే, ఒక ఆర్థిక సంవత్సరంలో వారి సంఖ్య 200 దాటరాదు. ఉల్లంఘిస్తే సేకరించిన మొత్తం లేదా రెండు కోట్ల రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అంతవరకు జరిమానా పడవచ్చు. సొమ్మును వడ్డీతో తిరిగి ఇవ్వాలి. కాబట్టి సమీకరణ ముగిశాక, పెట్టుబడిదారు అనుమతితో ఆ వార్తను తెలపడం వేరు. జరుగుతుండగా ఆహ్వానం పలకడం వేరు.

3.3. అతిశయోక్తి: వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇచ్చిన ప్రకటన నిర్వచనంలో అంతర్జాలం కూడా ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించగలదు. ‘ఏ కల్తీ అయినా నూటికి నూరుపాళ్లు పట్టేస్తుంది’ అనడం కన్నా, ఏయే కల్తీలను, ఎన్ని నమూనాల్లో, ఏ పద్ధతితో పోల్చి చూశారో చెప్పడం మేలు. ఔషధ రంగంలో మరింత జాగ్రత్త కావాలి. మధుమేహం వంటి వ్యాధులు నయమవుతాయన్న ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల చట్టం నిషేధిస్తోంది.

4. రచనా విధానం, భాష:

లింక్డ్‌ఇన్ రాతకు 3,000 అక్షర సంకేతాల పరిమితి ఉంది. పాఠకుడికి మొదట కనిపించేవి రెండు మూడు పంక్తులే. కాబట్టి అసలు విషయం మొదటి వాక్యంలోనే ఉండాలి. ఒక రాతలో ఒకే అంశం చాలు.

భాషను ఎంచుకోవలసింది పాఠకుడిని బట్టి. పెట్టుబడిదారు, విదేశీ కొనుగోలుదారు కోసం ఇంగ్లీషు అవసరం కావచ్చు. పాల సేకరణ కేంద్రం నిర్వాహకుడు, జిల్లాలోని పంపిణీదారు, నాచారం లేత్ పనివాడు తెలుగులో చదువుతారు. లింక్డ్‌ఇన్ తెలుగులోనూ లభిస్తోంది కనుక అదే విషయాన్ని తెలుగులో విడిగా రాయడం వృథా శ్రమ కాదు. ఇంగ్లీషు రాతను మక్కికి మక్కిగా మార్చక, ఆ పాఠకుడికి పనికివచ్చే సమాచారంతో - ధర, మరమ్మతు, విద్యుత్తు అవసరం - రాయాలి.

5. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. వ్యవస్థాపకుడి రాతకు ముడిసరుకు అతని పనే. సమస్య, పరీక్ష, నిర్ణయం, మనుషులు అనే నాలుగు అంశాలూ నిరంతరం రాయదగినవి.
2. కొలత, తేదీ, పరిమితి చెప్పిన రాత విశేషణాలతో నిండిన రాత కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.
3. ప్రచురించే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: పేటెంట్ దరఖాస్తు పూర్తయిందా? ఇది వాటాలు కొనమన్న ఆహ్వానంగా చదవబడుతుందా? ఈ మాటకు ఆధారం చూపగలమా? ఇందులో పేరున్నవారు అంగీకరించారా?
4. తొలగించిన రాత కూడా అంతకుముందే ఇతరుల వద్దకు చేరి ఉండవచ్చు. తర్వాతి సవరణ కన్నా ముందటి ఆలోచనకే విలువ ఎక్కువ.

ప్రయోగశాలలు, పారిశ్రామికవాడలు పక్కపక్కనే ఉన్న లాలాపేట్ పరిసరాల్లో చెప్పుకోదగిన పనికి కొదవ లేదు. ఆ పనిని ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో తెలియడం కూడా సంస్థ నిర్వహణలో భాగమే.