విత్తన బస్తాలో విశ్వవిద్యాలయం: అపోహలు – వాస్తవాలు

తొలకరి పడిందంటే పుట్టపర్తి చుట్టుపక్కల పల్లెల్లో శనక్కాయ విత్తనం మాటే. "కె–6 వచ్చిందా? లేపాక్షి ఎప్పుడిస్తారు?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఈ రకాలు ఎక్కడివంటే "కదిరివి" అని ఠక్కున చెబుతారు. కదిరిలోని ఆ పరిశోధన స్థానం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిదనీ, బస్తాలో ఉన్నది ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి పడ్డ శ్రమ అనీ మాత్రం చాలామందికి తట్టదు. విలువ తెలియకపోతే నష్టం మనకే. అలాంటి చోట నిధులు తగ్గినా, ఖాళీలు నిండకపోయినా అడిగేవాళ్లుండరు. అందుకే విశ్వవిద్యాలయాల పరిశోధన మీద మనలో నాటుకుపోయిన కొన్ని అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: పుట్టపర్తి ప్రాంతంలో ఆధ్యాత్మికతే తప్ప సైన్సు పరిశోధన లేదు.

వాస్తవం: పుట్టపర్తిలోనే 1981లో శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ డీమ్డ్ విశ్వవిద్యాలయంగా మొదలైంది. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో అక్కడ పీహెచ్‌డీ స్థాయి పరిశోధన జరుగుతోంది. ఇది ప్రభుత్వ విశ్వవిద్యాలయమని కొందరు అనుకుంటారు. కాదు, ట్రస్టు ఆధ్వర్యంలో ఫీజు లేకుండా నడిచే సంస్థ. అదే 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, అది ప్రభుత్వానిది. ఇక 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక కదిరి కూడా ఈ జిల్లాలోకే వచ్చింది. కదిరి–3 అనే పాత వేరుశనగ రకాన్ని శాస్త్రవేత్తలు రోబట్ 33–1 అని పిలుస్తారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అంతర్జాతీయ పరిశోధన సంస్థ తన సంకరాల్లో దాన్ని వాడుకుంది. మన ఎర్రనేలల రకం అలా అంతర్జాతీయ పరిశోధనకు ముడిసరుకైంది.

అపోహ 2: ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయితే విశ్వవిద్యాలయం అంత గొప్పది.

వాస్తవం: పత్రాల లెక్క అవసరమే, కానీ అది పనిలో ఒక పార్శ్వాన్నే చూపిస్తుంది. కొత్త వంగడం రావాలంటే మొక్కలను సంకరపరచాలి, తరాల తరబడి వడపోయాలి, వేర్వేరు నేలల్లో, వేర్వేరు సీజన్లలో పాత రకాలతో పోటీకి పెట్టి చూడాలి. అన్నిట్లో నెగ్గాక 1966 నాటి విత్తన చట్టం కింద ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. పదేళ్ల పనికి ఫలితంగా మిగిలేది ఒక పేరు, ఒక అంకె. కె–6 కూడా అలా వచ్చిందే. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మహారాష్ట్రలోని జల్గావ్ నుంచి వచ్చిన జేఎల్ 24. కదిరిలో పుట్టిన కె–6 పొరుగు రాష్ట్రాల పొలాలకూ పాకింది.

వరిలోనూ ఇదే కథ. మార్టేరులో 1982లో వచ్చిన స్వర్ణ తూర్పు భారతం మీదుగా బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానికి ముంపును తట్టుకునే జన్యువును చేర్చి స్వర్ణ–సబ్1 తయారుచేసింది. బాపట్లలో 1986లో వచ్చిన సాంబ మసూరిని మనం బీపీటీ అంటూ ఇప్పటికీ వండుకుంటున్నాం. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి దానికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులను జోడించాయి. మార్టేరు, బాపట్ల రెండూ ఈ వ్యవసాయ విశ్వవిద్యాలయం కేంద్రాలే. ఈ ప్రభావమంతా పత్రాల పట్టికలో వెతికితే దొరకదు.

అపోహ 3: పరిశోధన పత్రాలు ప్రమోషన్ల కోసమే. రైతుకు వాటితో పని లేదు.

వాస్తవం: 2000 సంవత్సరం ముంగారు ఈ అపోహకు జవాబు చెప్పింది. ఆ ఏడాది ఉమ్మడి అనంతపురం జిల్లాలో లేత వేరుశనగ మొక్కలు కొనలు మాడి, కాండం నల్లబడి చచ్చిపోయాయి. దెబ్బతిన్న విస్తీర్ణం సుమారు రెండుంబావు లక్షల హెక్టార్లు, నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే. లక్షణాలు చూస్తే పాత మొవ్వుకుళ్లు తెగులే అనిపించింది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థల పరిశోధకులతో కలిసి వైరస్‌ను వేరుచేసి పరీక్షిస్తే, అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. 2002లో ఆ వివరాలు ఒక అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యాయి.

వైరస్ పేరు తెలిస్తే రైతుకు ఏం ఒరిగిందంటారా? ఈ వైరస్ గట్ల మీద విరగబూసే వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీరినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి చేరుతుంది. అంటే పంట మీద మందు కొట్టడం కన్నా గట్టు మీది వయ్యారిభామను పూత రాకముందే పీకేయడం ముఖ్యం. పొలం చుట్టూ జొన్నో సజ్జో కంచె పంటగా నాలుగైదు సాళ్లు వేస్తే పుప్పొడికీ పురుగుకీ అడ్డుకట్ట పడుతుంది. ఈ వైరస్ వేరుశనగ విత్తనం ద్వారా రాదని తర్వాతి పరీక్షల్లో రుజువైంది కాబట్టి దాచుకున్న కాయల్ని అనుమానించాల్సిన అవసరమూ లేదు. కూలి ఖర్చుతో అయ్యే ఈ పనుల వెనక ప్రయోగశాల సూక్ష్మదర్శిని ఉంది, అచ్చయిన పత్రం ఉంది, ఆ మాటను పల్లెకు మోసిన విస్తరణ సిబ్బంది ఉన్నారు. వీటిలో ఏ ఒక్కటి తెగినా మందుల ఖర్చు పెరిగి తెగులు అలాగే ఉండేది.

అపోహ 4: "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు" అంటే స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు.

వాస్తవం: ఏటా జిల్లా ఎడిషన్లలో ఈ వార్త వస్తుంది. స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ జాన్ ఇయొన్నిడిస్ బృందం స్కోపస్ డేటాబేస్‌లోని సైటేషన్లను, అంటే ఒకరి పత్రాన్ని ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్కలను తీసుకుని తయారుచేసే జాబితా అది. ఎవరినీ పరిశీలించి ఎంపిక చేయరు, బిరుదు ఇవ్వరు. అందులో పేరుండటం సంతోషమే, లేకపోవడం మాత్రం లోటు కాదు. తెగులు తట్టుకునే రకం కోసం కదిరి ఎండలో నడుము వంచిన శాస్త్రవేత్త కృషి సైటేషన్ల లెక్కలోకి పూర్తిగా రాదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతీ అంతే. అది పత్రికకు సంబంధించిన సగటు. అంతకుముందు రెండేళ్లలో ఆ పత్రికలో అచ్చయిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారో చెబుతుంది. అందులోని ఒక్కో వ్యాసం మంచిచెడ్డలు అది చెప్పదు. వైద్య పత్రికకూ మొక్కల తెగుళ్ల పత్రికకూ ఆ అంకెతో పోటీ పెట్టడం మామిడినీ చింతనూ ఒకే తూకంలో వేయడమే.

అపోహ 5: ఫలితం వెంటనే కనిపించకపోతే ఆ పరిశోధన దండగ.

వాస్తవం: మొక్కల ప్రజననానికి పునాది వేసిన మెండెల్ బఠానీ ప్రయోగాల పత్రం 1866లో అచ్చయింది. దాని విలువను లోకం గుర్తించింది 1900లో. ఫలితం ఆలస్యం కావడానికి మన దగ్గరి కారణాలు ఇంకా మామూలువి. తిండివనంలో 1940లో వచ్చిన టీఎంవీ–2 రకాన్ని అనంతపురం రైతులు అరవై ఏళ్లు దాటినా వదల్లేదు. కొత్త రకాలు లేక కాదు, వాటి విత్తనం చాలినంత అందక. జొన్న ఎకరాకు నాలుగు కిలోలు చాలు. వేరుశనగకు అరవై, డెబ్బై కిలోల గింజలు కావాలి, పండేది దానికి పది రెట్లు దాటడం కష్టం. బ్రీడరు విత్తనం ఫౌండేషన్ విత్తనంగా, అది సర్టిఫైడ్ విత్తనంగా పెరిగి ఊరిదాకా రావడానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క కరువొస్తే విత్తన పంటే ఎండిపోతుంది. శాస్త్రవేత్త పని ముగిసినా, దాని ప్రభావం విత్తన సంస్థల చేతుల్లో, వానదేవుడి చేతుల్లో ఉంటుంది.

అపోహ 6: దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన మన జిల్లాలోనే. కరువును తట్టుకునే విత్తనం ఒక్కటొస్తే చాలు.

వాస్తవం: మొదటి మాట ఎన్నో వేదికల మీద విన్నాం, కానీ అది నిజం కాదు. ఉమ్మడి అనంతపురం సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. బికనీర్, బార్మేర్‌లలో అందులో సగం, లేహ్‌లో ఇంకా తక్కువ. మన కష్టం వేరే. పడమటి కనుమల చాటున ఉన్నాం కాబట్టి నైరుతి మనదాకా పూర్తిగా రాదు. తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్యం సగంలోనే నీరసిస్తుంది. పడే వానలకు మధ్య నెలా, నెలన్నర బెట్ట వస్తుంది. ఊడలు దిగేటప్పుడో గింజ ఊరేటప్పుడో ఆ బెట్ట తగిలితే ఏడాది మొత్తం కురిసిన వాన లెక్క ఎందుకూ పనికిరాదు.

అందుకే అనంతపురం దగ్గరి రేకులకుంట కేంద్రంలో విత్తనంతోపాటు విత్తే సమయం, తేమను నిలిపే పద్ధతులు, వేరుశనగలో కంది లాంటి అంతర పంటలు, పదును ఉండగానే విత్తడం ముగించే యంత్రాలు కూడా పరిశోధన అంశాలయ్యాయి. మంచి రకం బెట్టను కొన్ని రోజులు ఎక్కువ ఓర్చుకుంటుంది, వాన పడగానే తేరుకుంటుంది. నీరు లేకుండా పండే పంటను ఏ శాస్త్రమూ ఇవ్వలేదు.

మరి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని మనం ఏమడగాలి? పత్రాలెన్ని అని అడగండి, తప్పులేదు. దానితోపాటు ఇవీ అడగండి: మీరు తేల్చిన విషయాన్ని ఇతరులు పరీక్షించి సరేనన్నారా? అది మీ గడప దాటి ఎవరి పనిలోకి వచ్చింది? ఆ పనిని ముందుకు తీసుకెళ్లడానికి మనుషులు, పొలాలు, నిధులు ఉన్నాయా? ఈ మూడో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. అడగాల్సింది మనమే, అడిగే హక్కున్నదీ మనకే. ఏళ్ల తర్వాత ఏదో ఒక ముంగారుకు వేయబోయే విత్తనం ఇప్పుడు కదిరి మడుల్లో వరుసలుగా మొలిచి, ఏది నిలుస్తుందో చూసే కళ్ల కోసం ఎదురుచూస్తోంది.