కోర్టుకెక్కి బతికిన మూకీ

'దేవదాసు' అనగానే మనకు 1953లో వేదాంతం రాఘవయ్యగారు తీసిన బొమ్మ, అందులో అక్కినేని దగ్గు గుర్తుకొస్తాయి. అదే శరత్ నవలను 1928లోనే నరేశ్ మిత్రా మూకీగా తీశారని మన మిత్రుల్లో ఎందరికి తెలుసు? తెలిసినా చూసే యోగం లేదు. ప్రింటు మిగల్లేదు.

మాటల్లేకుండా నవలేమిటి అని అడగొచ్చు. నటుడి ముఖం సగం చెబుతుంది, మిగతా సగం మధ్యమధ్య వచ్చే అక్షరాల కార్డులు చెబుతాయి. చదువురాని వాళ్ల కోసం హాల్లో ఒకాయన నిలబడి ఆ కార్డులు పైకి చదివేవాడు.

మన ఊరి సంగతికొద్దాం. ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి 'ఇంద్రజిత్', 'లేడీ టీచర్' వంటి మూకీలు తీశారు. 1924లో 'రజియా బేగం' ప్రదర్శించినందుకు నిజాం ప్రభువు ఆయన్ని రాజ్యం విడిచి పొమ్మన్నారు. కంపెనీ పోయింది, బొమ్మలూ పోయాయి. అశోక్ నగర్‌లో బయల్దేరి క్రాస్‌రోడ్స్ దాకా నడిస్తే చాలు, మనకు సినిమాకు కొదవ లేదు. కాని మన ఊళ్లోనే తీసిన తొలి బొమ్మల్లో ఒక్క రీలు చూద్దామంటే దొరకదు!

ఎందుకిలా? ఆనాటి ఫిలిం నైట్రేటుది. వేడికీ తేమకూ జిగురెక్కి, చివరికి పొడిగా రాలిపోతుంది. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. 1931లో టాకీ వచ్చాక మూకీల్ని అడిగే నాథుడు లేడు. వెండి కోసం కరిగించిన రీళ్లూ ఉన్నాయి.

బతికి బట్టకట్టిన వాటిలో 'మార్తాండవర్మ' కథ చిత్రమైనది. సి.వి. రామన్ పిళ్ళై 1891 నాటి మలయాళ నవల అది. ఆర్. సుందర్ రాజ్ నిర్మాత, పి.వి. రావు దర్శకుడు. 1933లో తిరువనంతపురం కేపిటల్ థియేటర్లో విడుదలైంది. నవల హక్కులు మావి అంటూ కమలాలయ బుక్ డిపో వారు కోర్టుకెక్కారు. ఆట ఆగిపోయింది. నిర్మాతకు చేతులు కాలాయి. ప్రింటు మాత్రం పుస్తకాల వారి దగ్గరే ఉండిపోయింది. 1974లో పుణేలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్స్ దాన్ని సంపాదించింది. సజావుగా ఆడి ఉంటే ఊరూరా తిరిగి అరిగిపోయేదేనని నా అనుమానం.

జర్మనీ 'నోస్ఫెరాటు' (1922) దీనికి అన్నలాంటిది. 'డ్రాకులా' నవలను అనుమతి లేకుండా తీశారని రచయిత భార్య దావా వేసింది. ప్రింట్లన్నీ తగలబెట్టమని 1925లో తీర్పొచ్చింది. అప్పటికే పరాయి దేశాలకు చేరిన కాపీలు బతికాయి. వాటిని పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో తెగిన ముక్కను ఇంకోదాంట్లోంచి తెచ్చి అతికారు. రంగుల సంగతి మరీ ముఖ్యం. రాత్రి దృశ్యాలను పగలే తీసి ఫిలింకు నీలిరంగు అద్దేవారు. ఆ రంగు పోయిన కాపీలో, ఎండ పడితే చచ్చే పిశాచం పట్టపగలు దర్జాగా పెట్టె మోసుకుంటూ నడుస్తుంది! నీలం తిరిగి వేశాకే జనానికి భయం పుట్టింది.

చిక్కడపల్లి, నారాయణగూడ పాత ఇళ్ల అటకల మీద తుప్పు పట్టిన రీలు డబ్బా కనిపిస్తే పారేయకండి. ప్రొజెక్టరుకు ఎక్కించకండి, పొయ్యి దగ్గర పెట్టకండి. ముందు పుణేకి ఒక ఉత్తరం రాయండి.