ఆ నీళ్ళ మీద మళ్ళీ

సువార్తల్లో చేపల మాట వచ్చినప్పుడల్లా మనకు వలలే గుర్తొస్తాయి. పేతురు రాత్రంతా ప్రయాసపడి ఖాళీగా ఒడ్డుకు తెచ్చుకున్నది వలనే, యేసుప్రభువు మాట మీద మళ్ళీ వేసి పిగిలిపోయేంతగా నింపుకున్నదీ వలనే. గాలం ప్రస్తావన మాత్రం నాలుగు సువార్తల్లోనూ ఒకే ఒక్కచోట, అదీ పన్ను కట్టే నాణెం కోసం ప్రభువు పేతురును పంపిన సందర్భంలో (మత్తయి 17:27) కనిపిస్తుంది. పైగా గలిలయ సముద్రం పేరుకే సముద్రం, నిజానికది మంచినీటి సరస్సు. ఉప్పునీళ్ళలో గాలం వేయడమంటే ఏమిటో మాకు కిందటేడు అక్టోబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, గాల్వెస్టన్ తీరంలో తెలిసింది. అయితే చేపలకన్నా మాతో ఉన్న మిత్రుణ్ణి గురించే ఇక్కడ ఎక్కువ చెప్పాలి.

ఆయనది కాకినాడకు దిగువన సముద్రపు ఒడ్డున ఒక పల్లె. తండ్రి మత్స్యకారుడు, ఆ పల్లె చర్చిలో సంఘపెద్ద. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన పెనుతుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళి తిరిగిరాని పడవలెన్నో! అలాంటి ఒక పడవలో ఆయన తండ్రి ఉన్నారు. దేహం దొరకలేదు. పన్నెండేళ్ళ కొడుకు చేయి పట్టుకుని, బైబిలు మీద పెట్టించి, ఇక జీవితంలో సముద్రం మీదికి వెళ్ళనని తల్లి ప్రమాణం చేయించుకుంది. ఒట్టు పెట్టుకోవద్దన్న ప్రభువు మాటను ఆ రోజున ఆమెకు ఎవరు గుర్తు చేయగలరు? ఆ తర్వాత ఏటా నవంబరు 2న సమాధుల పండుగకు ఊళ్ళోవాళ్ళంతా సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, వీళ్ళకు మాత్రం కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదట. చివరికి చర్చి మెట్ల మీద పెట్టి ఇంటికి వచ్చేవారట.

ఆయన చదువుకున్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరారు, హ్యూస్టన్‌లో స్థిరపడ్డారు. అక్కణ్ణుంచి గాల్వెస్టన్ ఎనభై కిలోమీటర్లే. ఇండియా నుంచి వచ్చిన బంధువులందరినీ అక్కడికి తీసుకెళ్ళేవారు గానీ, తాను మాత్రం తడి ఇసుక దాటి ముందుకు వెళ్ళింది లేదు. ఇవేమీ తెలియని పదిహేనేళ్ళ కూతురు, నాన్న పుట్టినరోజుకు కానుకగా గైడుతో చేపలవేటకు పడవ మాట్లాడేసింది. కాదంటే ఆ పిల్లకు కారణం చెప్పాలి. చెప్పడానికి నోరు రాక, ‘మీరు కూడా రండన్నా’ అని మమ్మల్ని పిలిచారు. వారం ముందు తల్లికి ఫోన్ చేసి అడిగారట. ఆమె చాలాసేపు మాట్లాడలేదట. ‘పెద్దవాడివయ్యావు, నీ ఇష్టం’ అని పెట్టేసిందట. అది అనుమతో, అలకో తెలియక ఆ వారమంతా ఆయన సరిగా నిద్రపోలేదు.

ముందురోజు సాయంత్రమే గాల్వెస్టన్ చేరుకున్నాం. సముద్రపు గోడ వెంబడి నడుస్తుంటే ఒక కంచు విగ్రహం కనిపించింది. బిడ్డను ఎత్తుకున్న స్త్రీ, ఆమెను పట్టుకుని చెయ్యి పైకెత్తిన పురుషుడు. 1900 సెప్టెంబరు 8న ఈ ద్వీపాన్ని ముంచెత్తిన తుపానుకు జ్ఞాపకచిహ్నమది. కనీసం ఆరువేలమంది, బహుశా ఎనిమిదివేలమంది చనిపోయారు. అమెరికా చరిత్రలో అంతటి ప్రాణనష్టం కలిగించిన ప్రకృతి వైపరీత్యం మరొకటి లేదు. పాతిపెట్టే దారిలేక దేహాలకు బరువులు కట్టి సముద్రంలో వదిలితే, అలలు వాటిని మళ్ళీ ఒడ్డుకే తెచ్చాయట. మేము నిలబడిన గోడ కూడా ఆ తర్వాత కట్టిందే. మిత్రుడు ఆ విగ్రహం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ‘సముద్రం తనలో ఉన్నవాళ్ళను తిరిగి ఇచ్చేస్తుందని ప్రకటన గ్రంథంలో ఉందే (20:13), మా అమ్మ బైబిల్లో ఆ పేజీ నలిగిపోయిందన్నా’ అన్నారు. మేము బదులు చెప్పలేదు. చెప్పదగిన మాట మా దగ్గర లేదు.

తెల్లవారకముందే పడవ దగ్గరకు వెళ్ళాం. గైడును అక్కడ కెప్టెన్ అంటారు, మన తీరంలో సరంగు అన్నట్టు. డబ్బు తీసుకుని మనుషులను మోటారు పడవ ఎక్కించుకోవాలంటే ఆయనకు కోస్ట్‌గార్డ్ లైసెన్సు ఉండాలి. చేప పట్టే మనకు రాష్ట్రం ఇచ్చే వేరే లైసెన్సు ఉండాలి. కెప్టెన్ రుసుమును రూపాయల్లోకి మార్చి చూసుకుంటే మాకు కాసేపు గొంతు దిగలేదు లెండి! లైఫ్ జాకెట్ తొడుక్కుంటున్న మిత్రుడి వేళ్ళు వణకడం కెప్టెన్ గమనించినట్టున్నాడు. ‘సర్, మనం వెళ్ళేది నడికడలికి కాదు. లోపలి అఖాతమే. పడిపోతే లేచి నిలబడండి, నీళ్ళు నడుం దాకానే’ అన్నాడు నవ్వుతూ. మిత్రుడూ నవ్వారు. కుడికాలు పడవలో పెట్టారు. ఎడమకాలు కాసేపు చెక్క మీదే ఉంది. మేము వెనక నిలబడి ప్రార్థించుకుంటున్నాం. ఆ కాలు కూడా లోపలికి వచ్చింది.

అఖాతం నిజంగానే లోతు తక్కువ. అడుగున గుల్లల దిబ్బలు, అంచుల వెంట ఉప్పుగడ్డి. మడచెట్లు లేవన్నమాటే గానీ కోరంగి వైపు కాలవలే గుర్తొచ్చాయని మిత్రుడు అన్నారు. బతికున్న రొయ్యను కొమ్ము కింద, తలలో నల్లగా కనిపించే చుక్కకు తగలకుండా గాలానికి గుచ్చాలి. చుక్కకు తగిలితే రొయ్య చచ్చిపోతుంది, చచ్చిన ఎరను చేప అంతగా లెక్కచేయదు. పైన ఒక బెండు. కర్రను విసురుగా లాగితే బెండు ‘గుబుక్’మంటుంది. అక్కడ తోటి చేపలు మేస్తున్నాయనుకుని పెద్ద చేప వస్తుంది. ఒకసారి గుల్లలకు ఒరుసుకుని తాడు తెగింది. కెప్టెన్ చెయ్యి చాచేలోపే మిత్రుడు ముడివేసి పళ్ళతో కొస తుంచేశారు. ‘ఎక్కడ నేర్చుకున్నారు?’ అని కెప్టెన్ ఆశ్చర్యపోతే, ‘మా నాన్న దగ్గర’ అన్నారు. ఆ ముడి ఇంకా గుర్తుందని ఆయనకే తెలియదట.

రెండు గంటలు ఏమీ పడలేదు. పోటు మొదలయ్యాక బెండు ఒక్కసారి మాయమైంది. చుట్ట నుంచి తాడు రొదచేస్తూ పరుగెత్తింది. పావుగంట పెనుగులాడాక వలతొట్టిలోకి వచ్చింది రెడ్ ఫిష్, రాగిరంగు ఒళ్ళు, తోక దగ్గర నల్లటి మచ్చ. కొలబద్ద మీద పెడితే ఇరవైతొమ్మిది అంగుళాలు. టెక్సాస్‌లో ఈ చేపను ఇరవైకి తగ్గినా, ఇరవైఎనిమిది దాటినా వదిలేయాలి. ఒకప్పుడు విపరీతంగా పట్టి తరుగు తెస్తే, 1981లో దీని అమ్మకాన్నే ఆ రాష్ట్రం నిషేధించింది. పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు, తండ్రులు కాబట్టి వాటికి రక్షణ. అయితే ఏడాది లైసెన్సుతో వచ్చే ట్యాగు కడితే ఒకదాన్ని ఉంచుకోవచ్చు. మిత్రుడి దగ్గర ఆ ట్యాగు ఉంది. ‘ఉంచుకుంటారా, వదిలేస్తారా?’ అని కెప్టెన్ అడిగాడు.

మిత్రుడు మోకాళ్ళ మీద వంగి, మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, చేపను రెండు చేతులతో పట్టుకుని నిలిపారు. అలసిన చేపను అలా కాసేపు పట్టుకుంటేనే తేరుకుంటుందట. మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. చాలాసేపు వదల్లేదు ఆయన. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారని అర్థమైంది. కెప్టెన్ ముఖం అటు తిప్పుకుని ఎరల డబ్బా సర్దసాగాడు. చివరికి చేపే తోక విదిల్చి వెళ్ళిపోయింది. చేతులు మాత్రం ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి.

అప్పుడు అక్కడ ఉదయం పదిన్నర, కాకినాడలో రాత్రి తొమ్మిది. తడి చేతులతోనే తల్లికి ఫోన్ కలిపారు. ‘అమ్మా, పడవ మీద ఉన్నానే’ అన్నారు. అవతల నిశ్శబ్దం. మేమూ ఊపిరి బిగబట్టాం. ఆ తర్వాత ఆమె గొంతు మాకందరికీ వినిపించింది.

‘గాలెటు ఉందిరా నాన్నా?’