కంప్యూటర్ నిద్రను చదవడం: ఏసీపీఐ పట్టికల పరిశీలన



కంప్యూటర్‌ను కాసేపు వాడకుండా వదిలేస్తే తెర ఆరిపోతుంది, ఫ్యాన్ చప్పుడు తగ్గుతుంది, యంత్రం నిద్రలోకి వెళుతుంది. కానీ కొన్ని యంత్రాలు ఎంతసేపు వదిలేసినా నిద్రపోవు. కొన్ని లాప్‌టాప్‌లు మూత వేసి సంచిలో పెట్టినా వేడెక్కుతూనే ఉంటాయి. బ్యాటరీ పోయిందనో, మదర్‌బోర్డు చెడిందనో అనుకునే ముందు మీరే చూడదగిన ఆధారం ఒకటుంది. అది యంత్రం తన గురించి తాను రాసి పెట్టుకున్న పట్టికల రూపంలో ఉంటుంది. వాటిని కమాండ్ లైన్ నుంచి ఎలా చదవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ విషయం ఎందుకు ముఖ్యం?

అండమాన్ నికోబార్ దీవులనే ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ మన తెలుగు కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. ఆ దీవులకు ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేదు. ఉత్తర అండమాన్‌లో 5.25 మెగావాట్ల కల్పాంగ్ జల విద్యుత్ కేంద్రం ఉంది. 2020లో దక్షిణ అండమాన్‌లో బ్యాటరీ నిల్వతో కూడిన 20 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం మొదలైంది. అయినా ఎక్కువ భాగం కరెంటు డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. ఆ డీజిల్ ఓడల మీద సముద్రం దాటి రావాలి.

ఒక కళాశాల ప్రయోగశాలలో 30 కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. తరగతికీ తరగతికీ మధ్య రోజుకు మొత్తం 4 గంటలు అవి ఊరికే వెలుగుతున్నాయి. ఒక్కొక్కటి 60 వాట్లు వాడితే 7.2 యూనిట్లు ఖర్చవుతాయి. నిద్రావస్థలో 3 వాట్లే వాడితే 0.36 యూనిట్లు చాలు. తేడా 6.84 యూనిట్లు. డీజిల్ జనరేటర్ ఒక యూనిట్‌కు సుమారు పావు లీటరు ఇంధనం తీసుకుంటుంది. అంటే రోజుకు లీటరున్నర పైగా డీజిల్ వృథా అన్నమాట. నిద్రపోవడం యంత్రానికి చేతనవునో కాదో తెలుసుకోవడం అందుకే అవసరం.

పట్టికలు అంటే ఏమిటి?

1992లో వచ్చిన అడ్వాన్స్‌డ్ పవర్ మేనేజ్‌మెంట్ పద్ధతిలో విద్యుత్ పొదుపు చాలావరకు బయాస్ చేతిలోనే ఉండేది. ఆపరేటింగ్ సిస్టంకు అందులో పెత్తనం తక్కువ. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ఏసీపీఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. దీని పూర్తి పేరు అడ్వాన్స్‌డ్ కాన్ఫిగరేషన్ అండ్ పవర్ ఇంటర్‌ఫేస్. 2013 నుంచి దీని బాధ్యత యూఈఎఫ్‌ఐ ఫోరం చూస్తోంది.

ఇందులో పని రెండుగా విడిపోయింది. యంత్రంలో ఏమేమి ఉన్నాయో, వాటిని ఎలా నిద్రపుచ్చాలో ఫర్మ్‌వేర్ పట్టికలుగా రాసి మెమరీలో ఉంచుతుంది. వాటిని చదివి ఎప్పుడు ఏం చేయాలో ఆపరేటింగ్ సిస్టం నిర్ణయిస్తుంది.

ఈ పట్టికలు గొలుసుకట్టుగా ఉంటాయి. ఆర్‌ఎస్‌డీపీ అనే చిన్న నిర్మాణంలో ఎక్స్‌ఎస్‌డీటీ చిరునామా ఉంటుంది. ఎక్స్‌ఎస్‌డీటీలో మిగతా పట్టికల చిరునామాలు ఉంటాయి. వాటిలో ఎఫ్‌ఏడీటీ ముఖ్యమైనది. అది డీఎస్‌డీటీ ఎక్కడుందో చెబుతుంది. డీఎస్‌డీటీలో బ్యాటరీ, మూత, పవర్ బటన్ వంటి వాటి వివరణ ఒక ప్రత్యేక భాషలో, చిన్న ప్రోగ్రాం రూపంలో ఉంటుంది.

చూసే విధానం

లినక్స్ ఉన్న యంత్రంలో టెర్మినల్ తెరవండి. ఆజ్ఞలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి.

1. ముందుగా 'సుడో ఎల్ఎస్' అని రాసి, ఖాళీ విడిచి, '/సిస్/ఫర్మ్‌వేర్/ఏసీపీఐ/టేబుల్స్' అనే మార్గం ఇవ్వండి. మీ యంత్రంలోని పట్టికల పేర్లు కనిపిస్తాయి. ఎఫ్‌ఏడీటీ ఇక్కడ 'ఎఫ్ఏసీపీ' అనే సంకేతంతో ఉంటుంది. తికమక పడకండి.

2. ఏసీపీఐసీఏ టూల్స్ అనే ప్యాకేజీ ఉంటే, 'సుడో ఏసీపీఐడంప్ -బి' అని ఇవ్వండి. ప్రతి పట్టిక ఒక ఫైలుగా మీరున్న ఫోల్డరులోకి వస్తుంది.

3. ఆ ఫైళ్లు బైట్ల రూపంలో ఉంటాయి. 'ఐఏఎస్ఎల్ -డి' అని రాసి, పక్కన ఎఫ్ఏసీపీ ఫైలు పేరు ఇస్తే మనుషులు చదవగల పాఠం తయారవుతుంది. డీఎస్‌డీటీకి కూడా ఇలాగే చేయండి.

ఎఫ్ఏసీపీ పాఠంలో 'పీఎం ప్రొఫైల్' అనే వరుస చూడండి. అక్కడ 1 ఉంటే డెస్క్‌టాప్, 2 ఉంటే లాప్‌టాప్ వంటి మొబైల్ యంత్రం, 4 ఉంటే పెద్ద సర్వర్. ఇది తయారీదారు రాసిన మాట.

పట్టిక సరైనదేనా?

సాధారణంగా ప్రతి పట్టిక 36 బైట్ల శీర్షికతో మొదలవుతుంది. పేరు, పొడవు, తయారీదారు గుర్తు, చెక్‌సమ్ అందులో ఉంటాయి. పట్టికలోని బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని 256తో భాగించినప్పుడు శేషం సున్నా రావాలి. అలా వచ్చేలా చెక్‌సమ్ బైటును ఎంచుకుంటారు. ఉదాహరణకు మిగతా బైట్ల మొత్తం 1,000 అనుకోండి. దానిని 256తో భాగిస్తే శేషం 232. కనుక చెక్‌సమ్ 24. అప్పుడు మొత్తం 1,024, అంటే సరిగ్గా 256కు 4 రెట్లు.

అయితే చెక్‌సమ్ సరిపోయినంత మాత్రాన పట్టికలో రాసినదంతా నిజమని కాదు. బైట్లు చెదరలేదని మాత్రమే దాని అర్థం. తయారీదారే తప్పు రాస్తే ఆ తప్పు కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది.

నిద్రావస్థలు

ఎస్0 అంటే మేలుకొని ఉండడం. ఎస్3లో ర్యామ్‌కు మాత్రం కరెంటు అందుతుంది, ప్రాసెసర్ ఆగిపోతుంది. ఎస్4లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీదికి చేరుతుంది. ఎస్5 అంటే ఆపివేసిన స్థితి.

డీఎస్‌డీటీ పాఠంలో '_ఎస్3' కోసం 'గ్రెప్' ఆజ్ఞతో వెతకండి. తర్వాత 'క్యాట్' ఆజ్ఞతో '/సిస్/పవర్/మెమ్_స్లీప్' ఫైలు చూడండి. 'డీప్' అన్న మాట ఉంటే ఎస్3 అందుబాటులో ఉన్నట్టు. 'ఎస్2ఐడిల్' ఒక్కటే ఉంటే, ఆ యంత్రం ఎస్0లోనే కునుకు తీస్తుంది కానీ గాఢనిద్రకు పోదు. ఇటీవలి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్3 లేదు. ఈ కునుకులో ఏదైనా ప్రోగ్రాం గాని పరికరం గాని మధ్యమధ్యలో లేపుతూ ఉంటే సంచిలోని లాప్‌టాప్ వేడెక్కుతుంది. అది బ్యాటరీ లోపమే కానవసరం లేదు.

విండోస్ వాడేవారు కమాండ్ ప్రాంప్ట్‌లో 'పవర్‌సీఎఫ్‌జీ /ఏ' అని ఇవ్వండి. ఏయే నిద్రావస్థలు ఉన్నాయో, లేనివి ఎందుకు లేవో చూపిస్తుంది.

జాగ్రత్తలు

చదవడం వల్ల యంత్రానికి ఏమీ కాదు. పట్టికలను మార్చి మళ్లీ ఎక్కించే ప్రయత్నం మాత్రం చేయవద్దు. ప్రయోగశాల యంత్రమైతే అధ్యాపకుల అనుమతి తీసుకోండి. వర్చువల్ మెషీన్‌లో చూస్తే అసలు యంత్రం పట్టికలు కాక, ఆ సాఫ్ట్‌వేర్ కల్పించిన పట్టికలు కనిపిస్తాయని గుర్తుంచుకోండి.

సారాంశం

యంత్రం ఎలా నిద్రపోవాలో పట్టిక చెబుతుంది, ఎప్పుడు నిద్రపోవాలో ఆపరేటింగ్ సిస్టం నిర్ణయిస్తుంది. లోపం ఎటువైపు ఉందో తేల్చుకోవాలంటే రెండూ చూడాలి. పట్టికలో ఎస్3 ఉండి కూడా యంత్రం నిద్రపోకపోతే అమరికలు మార్చి చూడవచ్చు. పట్టికలోనే లేకపోతే, వాడనప్పుడు పూర్తిగా ఆపివేయడమో, ఎస్4 వాడడమో మంచిది.

మీరే చేసి చూడండి

1. మీ ప్రయోగశాలలోని రెండు యంత్రాల పట్టికల పేర్లు రాసి పోల్చండి.
2. మీ యంత్రం పీఎం ప్రొఫైల్ సంఖ్య ఎంత? అది నిజానికి సరిపోతుందా?
3. మిగతా బైట్ల మొత్తం 4,321 అయితే చెక్‌సమ్ ఎంత? (జవాబు: 31)