గూఢచారి ఫిల్ములో 396 కోటలు

సిరియా, ఇరాక్ ఎడారి అంచున ఉన్న రోమన్ కోటల మీద చర్చ చాలాకాలం 116 అనే అంకెతోనే మొదలయ్యేది. ఆ లెక్క ఆంత్వాన్ ప్వాదెబార్ అనే ఫ్రెంచి పాద్రీది. 1920లలో విమానమెక్కి ఫోటోలు తీసి, 1934లో పుస్తకం వేశాడు. 2023లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీకి చెందిన జెస్సీ కసానా బృందం ఇంకో 396 కోటలు చూపించింది. ఇందుకోసం వాళ్లు పలుగూ పట్టలేదు, విమానమూ ఎక్కలేదు. పాత గూఢచర్య ఫోటోలను ఓపిగ్గా చూశారు, అంతే.

ఆ ఫోటోల్లో ముఖ్యమైనవి 'కరోనా' ఉపగ్రహాలవి. (మహమ్మారికీ ఈ పేరుకీ సంబంధం లేదు.) సోవియట్ క్షిపణి స్థావరాలను కనిపెట్టడానికి అమెరికా 1960 నుంచి 1972 వరకు వీటిని నడిపింది. తీసిన ఫిల్మును డబ్బాలో పెట్టి పారాచూట్‌తో కిందికి వదిలేవారు. పసిఫిక్ మీద తిరుగుతున్న విమానం దాన్ని గాలిలోనే కొక్కేనికి తగిలించుకునేది. 1995 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో 8.6 లక్షలకు పైగా ఫోటోలు బయటికొచ్చాయి.

స్పష్టతలో ఇవి నేటి ఫోటోలకు సాటిరావు. తొలి కెమెరాలకు సుమారు 12 మీటర్లకన్నా చిన్నది ఆనేది కాదు. 1967 తర్వాతి కెమెరాలు 2 మీటర్ల దాకా వచ్చాయి. ఇప్పటి వాణిజ్య ఉపగ్రహాలు అర మీటరునూ పట్టేస్తాయి. అయినా పాతవే కావాలి, ఎందుకంటే ఆ నేల ఇప్పుడు లేదు. సిరియాలో యూఫ్రటీస్ నది మీద తబ్కా ఆనకట్ట 1970లలో పూర్తయ్యాక లోయలోని పురాతన ఊళ్ల మట్టిదిబ్బలెన్నో నీట మునిగాయి. మిగతాచోట్ల ట్రాక్టర్లు, కాలువలు, పెరిగిన పట్నాలు ఆనవాళ్లను చెరిపేశాయి. ప్వాదెబార్ చెప్పిన 116లో కసానా బృందం గట్టిగా పోల్చుకోగలిగినవి 38 మాత్రమే.

కోట ఒక్కో వైపు సాధారణంగా 50 నుంచి 80 మీటర్లు. 2 మీటర్ల స్పష్టతలో అది 25 నుంచి 40 చుక్కలవుతుంది. చదరపు గోడల గీత తెలియడానికి అది చాలు.

అంకెకన్నా ఆసక్తికరం ఆ కోటలున్న దిక్కు. ప్వాదెబార్ కోటలు ఉత్తరం నుంచి దక్షిణానికి బారుగా ఉండటంతో, శత్రువును ఆపే సరిహద్దు రేఖగా వాటిని చదివారు. కసానా బృందం వెతికిన మేర 3 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 2.75 లక్షలే. అంత మేర చూస్తే కోటలు తూర్పు పడమరలుగా, మోసుల్ వైపు నుంచి అలెప్పో దాకా పరుచుకున్నాయి. అంటే ఇవి వర్తకులకు, ప్రయాణికులకు, సైనికుల రాకపోకలకు రక్షణగా కట్టినవి కావచ్చన్నది వారి వాదన. సరిహద్దు ఉందనుకున్న చోటే ఎగిరినవాడికి సరిహద్దే కనిపించిందన్నమాట!

అలాగని ఫోటోలో చదరం కనిపించగానే అది రోమన్ కోట అయిపోదు. ఈ రకం కోటల్లో ఇదివరకు తవ్వినవి క్రీ.శ. 2 నుంచి 6వ శతాబ్దం మధ్యవని తేలింది కాబట్టి వీటినీ ఆ కాలానివే అనుకుంటున్నారు. ఒక్కోదాని వయసు తేల్చాల్సింది మాత్రం తవ్వకమే.

ఈ ఫిల్ము చూడాలంటే పరిశోధకులే కానక్కర్లేదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, మ్యాపు మీద చోటు గుర్తిస్తే అక్కడి ఫ్రేములేవో చూపిస్తుంది. ఇదివరకే స్కాన్ చేసినవి ఉచితం, కొత్తగా చేయించాలంటే ఫ్రేముకు 30 డాలర్లు.